ఆడవాళ్ల వంతు

గురువారం పొద్దున్న డైరెక్టరు రోపే తన గదిలో గోడమీది తెర ముందు నిలబడి, కంపెనీకి ఊళ్లో ఉన్న వాటాల్ని ఒక్కొక్కటే చెరిపేస్తున్నాడు. లెక్కల అధికారి రౌని ఎదురుగా కూర్చుని కాఫీ కలుపుతోంది. ఆమె కాఫీలో చక్కెర వేసుకోదు, పాలూ పోసుకోదు. అయినా చెంచా తిరుగుతూనే ఉంది.

రొట్టెల బట్టీ పోయింది. పడవలు చేసే షెడ్డు పోయింది. పక్క ఊళ్లకి తిరిగే బస్సుల్లో ఉన్న వాటా కిందటి నెలలోనే అమ్మేశారు, ఇవాళ తెరమీద కూడా పోయింది.

"మనం చెక్కలో తేమ కొలిచే పరికరాలు చేస్తాం. రొట్టెలు కాల్చడం మనకెందుకు, బస్సులు తోలడం మనకెందుకు?" అన్నాడు రోపే.

అందులో తప్పుపట్టడానికేమీ లేదు. రౌని కూడా ఇదే మాట ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది, కాకపోతే వేరే మనిషికి. రంపపు మిల్లులు పరికరాలు బాగా కొన్న ఏడాదల్లా కంపెనీలో డబ్బు మిగిలిపోయేది. మిగిలిన డబ్బు బాంకులో పడుంటే ఓస్మోకి నిద్ర పట్టేది కాదు. కంపెనీ పెట్టిన మనిషి ఆయన. చిన్నప్పుడు ట్రాక్టరు కిందపడి మిగుల్చుకున్న కుంటికాలు ఈడ్చుకుంటూ ఊరంతా తిరిగి, ఎవరి వ్యాపారం ఎక్కడ మూలుగుతోందో కనుక్కుని వచ్చి, దాంట్లో ఇంత పెడదాం అనేవాడు. కొయ్య అయినా డబ్బయినా కదలకుండా పడుంటే తడి పట్టేస్తుందని ఆయన సిద్ధాంతం. రౌని లెక్కలు ముందుపెట్టి వద్దనేది. ఆయన శ్రద్ధగా విని, బాగా చెప్పావని మెచ్చుకుని, చివరికి తన మాటే నెగ్గించుకునేవాడు. మొన్న వసంతంలో, సరస్సు మీద మంచు ఇంకా పూర్తిగా కరగకముందే, గుండె ఆగి పోయాడు.

రోపే, ఓస్మో బతికుండగానే, రాజధాని హెల్సింకి నుంచి వచ్చి రెండు చలికాలాలయింది. ఇంకా అక్కడే ఇల్లు, వారానికోసారి రైలు. చెడ్డవాడు అనడానికి వీల్లేదు. తాగిన కప్పు తనే కడుక్కుంటాడు. చిన్నాపెద్దా అందరినీ నువ్వనే అంటాడు, ఎవరూ ఏమీ అనుకోరు. ఊళ్లో చిల్లరగా చెల్లాచెదురైన డబ్బంతా పోగుచేసి, ఉపగ్రహాల నుంచి అడవుల్ని చూసే ఒక కొత్త కంపెనీలో పెట్టాలని అతని ఆలోచన. అది మంచి ఆలోచనేనని రౌని మనస్ఫూర్తిగానే చెప్పింది.

తెరమీద ఇక ఒకటే మిగిలింది. సరస్సు ఒడ్డున డాన్సు మంటపం. కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు, మంటపం తీసేసి సెలవు ఇళ్లు కడతారట. బేరం ఈ నెలాఖరు వరకే.

"సోమవారం ఇద్దరం సంతకాలు పెట్టేద్దాం," అన్నాడు రోపే. కంపెనీ వాటా ఏది కొన్నా అమ్మినా డైరెక్టరు సంతకంతో పాటు లెక్కల అధికారి సంతకం కూడా ఉండాలి. ఓస్మో పెట్టిన నియమం అది. తన చేతులు తనే కట్టేసుకున్న ఏకైక యజమాని అని మిల్లులవాళ్లు ఆయన్ని ఏడిపించేవాళ్లు.

"శనివారం అక్కడ ఈ వేసవికి ఆఖరి డాన్సు," అంది రౌని. ఎందుకందో ఆమెకే తెలియదు.

"అయితే వస్తాను. చూడకుండా అమ్మితే బాగుండదు కదా. స్టేషన్ నుంచి నీ కారులో తీసుకెళ్తావా?"

రౌని తలూపింది. ఆమెకి ఎక్కడా చివుక్కుమనలేదు. కొన్నప్పుడు సంతకం పెట్టనని మొండికేసి మూడు రోజులు ఓస్మోతో మాట్లాడని మనిషి ఆమె. ఆ తర్వాత ప్రతి ఏడాదీ నివేదికలో మంటపం పేరు ఎదురుగా నష్టం అని రాస్తూ వచ్చింది. ఇన్నాళ్లకి ఆమె మాట నెగ్గింది. డిసెంబరులో ఉద్యోగం వదిలి వెళ్లేముందు బల్ల మీద ఒక్క పెండింగు పని లేకుండా చూసుకోవాలని ఆమె పట్టుదల.

శుక్రవారం మధ్యాహ్నం సామాను చూసుకోవడానికి మంటపానికి వెళ్లింది. తెల్లబెరడు బర్చి చెట్ల మధ్య దారి, చివర సరస్సు, ఒడ్డు మీద ఎనిమిది పలకల కొయ్య కప్పు. లోపల హిల్కా నేలమీద కాళ్లు చాపుకు కూర్చుని, జున్ను తురుముకునే తురుముపీట మీద తెల్ల కొవ్వొత్తులు తురుముతోంది. డెబ్బై దాటిన మనిషి. మంటపం తలుపులు తీసేదీ మూసేదీ ఆమే, టిక్కెట్లు అమ్మేదీ ఆమే, మధ్యలో కిటికీ దగ్గర కాఫీ, బన్నులూ అమ్మేదీ ఆమే. ఇల్లు మంటపం వెనకే.

"కుర్చీలు లెక్కపెట్టడానికి వచ్చావా? కిందటేడు ఎన్నో ఈ ఏడూ అన్నే. కాళ్లొచ్చి ఎక్కడికీ పోలేదు. కూర్చో, ఇంకో తురుముపీట ఉంది," అంది హిల్కా.

రౌని కోటు విప్పి కూర్చుంది. కొవ్వొత్తి తురుము మంచులా ఒళ్లో రాలుతోంది. తురుమంతా గిన్నెల్లోకి ఎత్తి, నేల మీద కోళ్లకి గింజలు చల్లినట్టు చల్లారు. తర్వాత హిల్కా రెండు జతల పాత ఉన్ని సాక్సులు తెచ్చింది. వాటిని బూట్ల మీదుగా లాక్కుని, ఇద్దరూ మంటపం ఈ చివర నుంచి ఆ చివరికి జారుతూ, డాన్సుకి నేల నున్నగా జారేలా మైనాన్ని చెక్కలకి పట్టించడం మొదలుపెట్టారు. పెద్దావిడ ముందు, చిన్నావిడ వెనక. చిన్నావిడకీ అరవై దాటాయి. రెండో చుట్టులో రౌనికి తెలియకుండానే కాళ్లు టాంగో లయలో పడ్డాయి. గమనించి సర్దుకుంది.

"చెప్పెయ్, సోమవారమేనా?" అంది హిల్కా వెనక్కి తిరక్కుండానే.

"సోమవారమే."

హిల్కా నేల పని పూర్తిచేసి, మిగిలిన కొవ్వొత్తి ముక్కలన్నీ ఏరి డబ్బాలో వేసి మూత బిగించింది. డబ్బాని ఎప్పుడూ పెట్టే అలమరలో పెట్టబోయి ఆగి, అలాగే చేతిలో పట్టుకుని నిలబడింది.

"వచ్చే ఏటికి దాస్తున్నాను చూడు, బుద్ధి లేక," అంది.

రౌనికి మొహం తిప్పుకోవడానికి ఒక వంక కావాలి గనక స్తంభాల వైపు చూసింది. సరస్సు వైపు మగవాళ్లు నిలబడే వరస అది. మూడో స్తంభానికి భుజమంత ఎత్తులో నీలిరంగు అరచేతంత మేర చెరిగిపోయి లోపలి కొయ్య కనిపిస్తోంది.

"దీనికి రంగు వేయించలేదేం?"

"అది ఓస్మో భుజం. ఎన్నిసార్లు వేసినా ఒక్క వేసవిలో చెరిపేసేవాడు, ఇక నేనూ మానేశాను," అంది హిల్కా.

రౌని నవ్వింది. ప్రతి శనివారం ఆ స్తంభానికి ఆనుకుని నిలబడిన ఓస్మో ఆమెకి బాగా గుర్తే. "గేటులోంచి ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టేవాడు కదూ. నేను మర్నాడు అడుగుతానని భయం."

"లెక్కపెట్టడమా?" హిల్కా డబ్బా కింద పెట్టింది. "ఆడవాళ్ల వంతు కోసం నిలబడేవాడమ్మా. ఆడవాళ్లే వచ్చి మగవాళ్లని పిలిచేది అప్పుడే కదా."

రౌని జారుతున్న సాక్సు పైకి లాక్కోవడానికి వంగింది. వంగి అలాగే ఉండిపోయింది.

"తనంతట తను ఎవరినీ అడిగేవాడు కాదు. నేనో రోజు నిలదీశాను, కుంటివాళ్లు డాన్సు చేయకూడదని ఎక్కడన్నా రాసుందా అని. ఏమన్నాడో తెలుసా? నేను వెళ్లి చెయ్యి చాపితే ఆవిడ కాదనడానికి వీలుండదు హిల్కా, కాదంటే ఆ రెండు పాటలూ ఇంకెవరితోనూ ఆడకుండా గోడకి నిలబడాలి, ఆ శిక్షకి భయపడి వచ్చేవాళ్లు నాకెందుకు, రావాలనిపించినవాళ్లే వస్తారు అన్నాడు. అందుకే మంటపం కొన్న ఏడాదే ఆడవాళ్ల వంతు గంటసేపు పెట్టించాడు. అంతకుముందు రెండే పాటలు ఉండేవి, నీకు గుర్తులేదూ?"

రౌనికి గుర్తుంది. ఆ మార్పు గురించి నివేదికలో రాసింది కూడా. ఆడవాళ్ల టిక్కెట్లు పెరగడానికి మంచి ఎత్తు అని. ఓస్మో అది చదివి, బాగా రాశావన్నాడు.

"ఎవరైనా అడిగారా?"

"ఏడాదికోసారి నేను అడిగేదాన్ని, బన్నులమ్మే ముసలిదాన్ని నాకేం సిగ్గు. మిగతావాళ్లకి యజమాని అని జంకు. నువ్వు సరేసరి. ఆడవాళ్ల వంతు దీపం వెలిగిందంటే చాలు, నా కిటికీ దగ్గరికి కాఫీకి వచ్చేసేదానివి. ఆ గంటలో నాకు వచ్చే బేరం నువ్వొక్కదానివే, అందుకని బాగా గుర్తు."

ఎవరి కోసం నిలబడేవాడని రౌని అడగలేదు. హిల్కాకి తెలిసినా చెప్పేరకం కాదు, తెలియకపోతే అడిగి ప్రయోజనం లేదు. సాక్సులు విప్పి మడిచి ఇచ్చి, కుర్చీలు లెక్కపెట్టకుండానే కారెక్కింది. దారిలో బర్చి ఆకులు అప్పుడే అక్కడక్కడ పసుపు తిరుగుతున్నాయి. ఆడవాళ్ల వంతులో తను కాఫీకి ఎందుకు వెళ్లేదో ఆమెకి తెలుసు. కంపెనీ లెక్కల అధికారి వచ్చి అడిగితే ఏ మగవాడైనా మొహమాటానికి లేచి వస్తాడు, అలా వచ్చేవాళ్లు నాకెందుకు అనుకునేది. ఇల్లు చేరేవరకు ఆ మాట ఆమె చెవుల్లో ఓస్మో గొంతుతోనే వినిపిస్తూ వచ్చింది.

శనివారం సాయంత్రం రోపే పరుగుపందేల బూట్లు వేసుకుని రైలు దిగాడు. రౌని ఆ బూట్ల వైపు చూసి ఊరుకుంది. ఆమె నీలం గౌను వేసుకుంది, మెడ దగ్గర తల్లి ఇచ్చిన వెండి పిన్ను. కారులో అతను చాలా కుతూహలంగా అడిగాడు, ఎంతమంది వస్తారు, ఏ వయసువాళ్లు, బ్యాండుకి ఎంత ఇస్తారు అని. ఆమె అన్నిటికీ జవాబులు చెప్పింది. అడగనిది మాత్రం చెప్పలేదు. అది చెప్పాలని ఆమెకి తట్టలేదు. మంటపానికి వచ్చేవాళ్లకి ఎవరూ ఎప్పుడూ దాన్ని చెప్పరు, ముద్ద నోట్లోనే పెట్టుకోవాలని ఎవరూ ఎవరికీ చెప్పనట్టే.

ఆఖరి డాన్సు గనక జనం బాగా వచ్చారు. ఎక్కువమంది నెరిసిన తలలవాళ్లు. ఇంట్లో మోకాళ్లు పట్టుకుని లేచేవాళ్లంతా ఇక్కడ నిటారుగా నడుస్తున్నారు. అమ్ముతున్నారన్న సంగతి అందరికీ తెలుసు. దాని గురించి ఎవరూ ఎత్తలేదు. పలకరించి వాతావరణం గురించీ, ఈ ఏడు తక్కువ కాసిన బ్లూబెర్రీల గురించీ మాట్లాడారు. బ్యాండులో నలుగురు, అకార్డియన్ వాయించే మనిషి కళ్లు మూసుకునే ఉంటాడు. వేదిక పక్కన గాజు పెట్టెలో దీపం వెలిగి 'మగవాళ్ల వంతు' అని చూపిస్తోంది.

రౌని కోట్లు తగిలించే గది పక్కన, గోడ దీపం కింద తన ఎప్పటి చోట నిలబడింది. రెండో విడత పాటలకి రోపే నేరుగా ఆమె ముందుకు వచ్చాడు.

"పద, ఒకసారి చేసి చూద్దాం," అన్నాడు నవ్వుతూ.

అనుమతి ఇస్తారా అని వంగి అడగడం ఇక్కడి పద్ధతి. కుర్రాడు, పోనీలే అనుకుంది. నిజానికి బాగానే చేశాడు. ఎక్కడో నేర్చుకున్నాడు, టాంగోలో మలుపులు తెలుసు. ఆమెకి ఒళ్లు తేలికపడింది. చెక్కలు మైనంతో జారుతున్నాయి, సరస్సు మీదనుంచి చల్లగాలి లోపలికి వస్తోంది. చాలా ఏళ్ల కిందటి వేసవులన్నీ ఒక్కసారిగా పాదాల్లోకి వచ్చాయి.

పాట ముగిసింది. చుట్టూ జంటలు ఎక్కడివాళ్లక్కడే నిలబడి, చేతులు వదలకుండా రెండో పాట కోసం చూస్తున్నాయి.

"థాంక్స్ రౌనీ, బాగుంది," అన్నాడు రోపే. ఆమె భుజం మీద చిన్నగా తట్టి, కప్పుకింది దూలాలు చూసుకుంటూ నడిచి వెళ్లిపోయాడు.

నడి మంటపంలో రౌని ఒక్కత్తే మిగిలింది. పిలిచిన మనిషితో రెండు పాటలు ఆడాలి, ఆమెని తీసుకొచ్చిన చోటికే తీసుకెళ్లి దింపాలి. నచ్చకపోయినా, కాలు తొక్కినా, మధ్యలో తగాదా పడినా అంతే. ఒక్క పాటకి వదిలేయడమంటే, ఈ మనిషి రెండో పాటకి పనికిరాదని అందరి ముందు చెప్పడం. అలా వదిలేయించుకున్న ఆడవాళ్లు మళ్లీ ఏడాదిదాకా మొహం చూపించని సందర్భాలు ఆ ఊళ్లో ఉన్నాయి. అకార్డియన్ మనిషి కళ్లు తెరిచాడు. రెండో పాట మొదలుపెట్టాలో వద్దో తెలియక గాయకుడు నీళ్లు నమిలాడు.

రౌని గోడవైపు నడవడం మొదలుపెట్టింది. తల దించుకోకూడదనుకుంది, దించుకోలేదు. జంటలు పక్కకి జరిగి దారి ఇస్తున్నాయి. ఆ దారి ఇవ్వడమే ఆమెని కోసేసింది. చెంపలు మండిపోతున్నాయి. పిల్లవాడికి తెలియదు, తెలియక చేశాడు, ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసినంతమాత్రాన మంట చల్లారలేదు. దీపం కిందికి చేరి ఇటు తిరిగేసరికి, టిక్కెట్ల కిటికీలో హిల్కా మొహం కొలిమిలా ఉంది.

కబురు మంటపం చుట్టూ తిరగడానికి ఇంకో రెండు పాటలు కూడా పట్టలేదు.

గాజు పెట్టెలో దీపం మారింది. 'ఆడవాళ్ల వంతు.' గోడ వెంబడి నిలబడ్డ ఆడవాళ్లందరిలో ఒక కదలిక. గౌన్లు సర్దుకుని, నేల దాటి మగవాళ్ల వరసలోకి వెళ్లారు. రౌని పాదాలు అలవాటుగా కాఫీ కిటికీ వైపు తిరిగాయి. ఆమె వాటిని ఆపింది.

రోపే మూడో స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. ఓస్మో పోయాక అక్కడ ఎవరూ నిలబడటం లేదు గనక ఖాళీగా కనిపించి ఉంటుంది. పిలుస్తారని నవ్వుమొహంతో ఎదురుచూశాడు. ఒకామె అతని వైపే వచ్చి, పక్కనున్న ముసలాయన ముందు వంగింది. ఇంకొకామె వచ్చింది, అటు పక్కనున్న మనిషిని తీసుకుపోయింది. రెండు పాటలు అయ్యాయి. మగవాళ్లు తిరిగొచ్చారు. మళ్లీ ఆడవాళ్లు వచ్చారు, స్తంభం చుట్టూ నీళ్లు చీలినట్టు చీలి వెళ్లిపోయారు. అతను ఫోను తీసి చూసుకున్నాడు. కాసేపటికి ఫోను జేబులో పెట్టేశాడు. తర్వాత తన బూట్లు చూసుకున్నాడు. తర్వాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి వెనక కట్టుకుని, ఒకసారి ముందు కట్టుకున్నాడు. జీవితంలో ఎప్పుడూ ఎక్కడా అతన్ని ఎవరూ ఎంచుకోకుండా వదిలేసి ఉండరు. వచ్చిన ఉద్యోగాలన్నీ అతన్ని వెతుక్కుంటూ వచ్చినవే. ఏం జరుగుతోందో అర్థంకాక కుర్రవాడి చెవులు ఎర్రబడ్డాయి.

రౌనికి మొదట్లో కడుపునిండిన తృప్తి కలిగింది. దాచుకోవడం దేనికి, బాగా కలిగింది. కానీ అది ఎక్కువసేపు నిలవలేదు. ఆ చెవులు చూస్తుంటే, అదే స్తంభం దగ్గర ఇంకొక మనిషి ఎన్ని వేసవులు ఇలా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడో అనిపించింది.

పడవల షెడ్డు కాలెర్వో తన పాటలు ముగించుకుని చెమట తుడుచుకుంటూ ఆమె పక్కకి వచ్చాడు. షెడ్డు చేతులు మారినప్పటినుంచి అతను రౌనితో ముభావంగానే ఉంటున్నాడు. "వెళ్లి పిలువు," అన్నాడు మెల్లగా. "సోమవారం పెన్ను పట్టేది అతనే కదా. రెండు పాటలు నవ్వుతూ ఆడి ఒక మాట వేసి చూడు. మాకోసం."

"బతిమాలడానికైతే నేను వెళ్లను," అంది రౌని.

అని, నేల దాటి వెళ్లింది.

ఎన్నో ఏళ్లుగా వస్తున్న మంటపంలో ఆమె ఆ వైపుకి నడవడం ఇదే మొదలు. చాలా దూరం ఉన్నట్టనిపించింది. రోపే తలెత్తి, ఈమె కూడా పక్కవాళ్లకోసమే వస్తోందేమో అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

"రెండో పాట మిగిలిపోయింది," అంది ఆమె.

"ఏ రెండో పాట?"

చెప్పింది. రెండే రెండు ముక్కల్లో చెప్పింది. వింటూ వింటూ రోపే తెల్లమొహం వేశాడు, తర్వాత నడి మంటపం వైపు, ఆమె ఒంటరిగా నడిచిన దారి వైపు చూశాడు. "అంటే అప్పుడు నేను నిన్ను..." అని ఆగిపోయాడు. "ఎవరూ చెప్పలేదేం?"

"ఇక్కడ ఎవరూ చెప్పరు."

అప్పటికి నడుస్తున్న విడత పాటలు ఇంకా ముగియలేదు. వాళ్లు ఆగాలి. రౌని అతని పక్కన, స్తంభానికి ఆనుకుని ఇటు తిరిగింది. రంగుపోయిన కొయ్య భుజానికి తగిలింది. తిరిగి, గేటు వైపు చూసింది.

గేటు కనిపించలేదు. టిక్కెట్ల గది గోడ అడ్డం. వచ్చేవాళ్లని లెక్కపెట్టాలంటే ఒక్క మనిషి కూడా కనిపించడు. ఎడమకి చూస్తే ఇంకో స్తంభం, కుడికి వేదిక వెనకభాగం. అక్కడినుంచి తేటగా కనిపించే చోటు ఒక్కటే ఉంది. కోట్లు తగిలించే గది పక్కన, గోడ దీపం కింద, ఇప్పుడు ఖాళీగా ఉన్న చోటు. అక్కడినుంచి కాఫీ కిటికీ దాకా దారంతా కనిపిస్తోంది.

రౌని చూస్తూ ఉండిపోయింది. దీపం కింద నిలబడ్డ ఆడమనిషి, బోర్డు మారగానే వెనుదిరిగి కాఫీకి వెళ్లిపోవడం, ఇక్కడినుంచి ఎంత స్పష్టంగా కనిపించి ఉంటుందో ఆమెకి కనిపించింది. ప్రతి శనివారం. ఆదివారం ఒక్కరోజు గడిస్తే, సోమవారం పొద్దున్న ఇద్దరూ ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని మిల్లుల లెక్కలు చూసుకునేవాళ్లు. నష్టం అని ఆమె రాస్తే, బాగా రాశావని ఆయన సొరుగులో పెట్టుకునేవాడు. ఒక్క మాట, ఇటునుంచి గానీ అటునుంచి గానీ. ఇద్దరి మర్యాదా కలిసి ఆ ఒక్క మాటని మింగేసింది. ఆమెకి ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది, ఆ పిచ్చిమనిషి మీద.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాడు రోపే.

"పాట మొదలవుతోంది, రా."

ఈసారి రోపే మాట్లాడకుండా ఆడాడు. జాగ్రత్తగా, కాళ్లు చూసుకోకుండా. పాట అయ్యాక చెయ్యి వదల్లేదు. ఒకే పాట బాకీ అయినా రెండోది కూడా ఆడాడు. అది అయ్యాక ఆమె మోచెయ్యి పట్టుకుని, అందరూ చూస్తుండగా నేల దాటించి, దీపం కింద ఆమె చోటికి తీసుకొచ్చి దింపాడు. కిటికీలో హిల్కా బన్నుల పళ్లెం మీద గుడ్డ కప్పుతూ ఒకసారి తలపంకించింది.

"నేను సోమవారం సంతకం పెట్టను," అంది రౌని.

"నష్టమని ఇన్నేళ్లూ రాసింది నువ్వే కదా," అన్నాడు రోపే.

"నేనే. తప్పు రాయలేదు, ఇప్పటికీ నష్టమే."

"మరి?"

"ఎందుకో నివేదికలో రాయమంటే రాయలేను. డిసెంబరులో వెళ్లిపోతాను, జనవరిలో నా చోట కూర్చునేవాళ్ల చేత పెట్టించుకో. నీకు అడ్డం రాను. కానీ నా చేత్తో పెట్టను."

ఈ నెలాఖరుకి కొనేవాళ్లు వెళ్లిపోతారని ఇద్దరికీ తెలుసు. రోపే మొహం రుద్దుకుని, నల్లబడుతున్న సరస్సు వైపు కాసేపు చూశాడు. అతని మనసులో ఉపగ్రహాల కంపెనీ తిరుగుతోందో, స్తంభం దగ్గర నిలబడ్డ గంట తిరుగుతోందో చెప్పలేం.

"జనవరిలో ఇక్కడ నడుంలోతు మంచుంటుంది," అన్నాడు. "ఎవరు కొన్నా అప్పుడు చేసేదేమీ ఉండదు. మేలో చూద్దాం."

మే నెలలో మంటపం తలుపులు తీస్తారు. ఆ సంగతి అతనికి తెలుసో లేదో గానీ రౌని గుర్తు చేయలేదు.

దీపం మళ్లీ 'మగవాళ్ల వంతు'కి మారింది. గాయకుడు ఇదే ఆఖరి పాట, వాల్ట్జ్ డాన్సుకి అని ప్రకటించాడు. రోపే ఒక అడుగు వెనక్కి వేసి, బయట ఏ పెద్దమనిషికీ ఎప్పుడూ వంగి ఉండని ఆ నడుం వంచి, ఇంతసేపూ చుట్టుపక్కలవాళ్లని చూసి నేర్చుకున్న మాట అన్నాడు.

"అనుమతి ఇస్తారా?"

రౌనికి ముచ్చటేసింది. ఆఖరి వాల్ట్జ్‌కి ఆమెని పిలిచినవాళ్లు ఈ మంటపంలో ఎంతోమంది లేరు.

"ఇది ఒకటే పాట. దీనికి పిలిస్తే ఇంటిదాకా దింపాలి," అంది. "నువ్వేమో నా కారులో వచ్చావు. వెళ్లి హిల్కాని పిలువు, వాళ్లిల్లు వెనకే. చెప్పుల్లేకుండా అయినా దింపి రావచ్చు."

"మీరు కాదంటే ఈ పాటకి ఇంకెవరితోనూ ఆడకూడదు కదా. స్తంభం దగ్గర ఎవరో అంటుంటే విన్నాను."

"తెలుసు."

రోపే ఆమె మొహం చూసి ఇంకేమీ అడగలేదు. టిక్కెట్ల గది వైపు వెళ్లాడు. హిల్కా గుడ్డకి చేతులు తుడుచుకుంటూ, ఈ కుర్రాడికి మతిపోయిందా అని పైకే అంటూ, అయినా ఏప్రన్ విప్పేసి బయటికి వచ్చింది. అకార్డియన్ మనిషి కళ్లు మూసుకున్నాడు. మిగిలిన జంటలన్నీ నేల మీదికి చేరి మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి.

గోడ దీపం కింద రౌని ఒక్కత్తే నిలబడింది. ఎదురుగా, తిరుగుతున్న తలల మీదుగా, మూడో స్తంభం కనిపిస్తోంది. కాఫీ కిటికీ ఇంకా తెరిచే ఉంది, పాత్రలో ఇంకా కాస్త కాఫీ ఉండే ఉంటుంది. పాట అయ్యేదాకా ఆమె కాఫీకి వెళ్లలేదు.